వీణ వచ్చినవాళ్ళకి గుజెంగ్ సులువా?

ఐదేళ్ళు వీణ నేర్చుకున్నానని, చైనావాళ్ళ తీగల వాద్యం గుజెంగ్ మొదలుపెడితే ఆ అలవాటు పనికొస్తుందా అని అడిగారు. మావారి ఉద్యోగం వల్ల షాంఘైలో ఉన్నప్పుడు రెండేళ్ళు నేర్చుకున్నాను కాబట్టి చెప్తున్నా. చెవికి బాగా పనికొస్తుంది. చేతికి మాత్రం మొదట్లో అడ్డమే.

మొదటిరోజు మా లావోషి, అంటే టీచరమ్మ, కాగితం మీద 1 2 3 5 6 అని రాసిచ్చింది. అక్కడ స్వరాలకి అంకెలే. మరి 4, 7 ఏవీ అనుకుంటూ తీగలు వరసగా మీటితే స రి గ ప ధ! అచ్చం మన మోహనం. 21 తీగలూ అదే వరస, నాలుగు స్థాయిలు. పంచమం తీగలు ఆకుపచ్చగా ఉంటాయి, దారి తప్పితే అవే ఆనవాలు. చిన్నప్పటి మోహన గీతం అక్కడికక్కడే వాయించేశాను.

ఆ గొప్ప అరగంటే నిలిచింది. వీణలో ఎడమచెయ్యి మెట్టు మీద పడితేనే కావలసిన స్వరం. ఇక్కడ మెట్లు లేవు, స్వరానికో తీగ, తీగకో విడి బ్రిడ్జి, అంటే తీగని ఎత్తిపట్టే చిన్న ముక్క. బ్రిడ్జికి కుడిపక్క మీటి, ఎడమపక్క తీగని కిందికి నొక్కాలి. నేనేమో పక్కకి లాగేదాన్ని! ఆ లేని 4, అంటే మధ్యమం కావాలంటే గాంధారం తీగని అరస్వరం పెంచేలా నొక్కాలి, 7కి, అంటే నిషాదానికి ధైవతం తీగని పూర్తి స్వరం. ఎంత నొక్కాలో గుర్తేమీ ఉండదు, చెవే చెప్పాలి. అక్కడ గమకాల సాధన ఆదుకుంది. కాకపోతే ప్రతి స్వరాన్నీ ఊపేస్తుంటే, కాసేపు దాన్ని నిలవనివ్వమని ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేది.

మీటడానికి కుడిచేతి నాలుగు వేళ్ళకీ పెట్టుడు గోళ్ళు టేపుతో చుట్టుకోవాలి. వదులైతే మధ్యలో ఊడతాయి, బిగిస్తే వేలు తిమ్మిరెక్కుతుంది.

గుచిన్ అనేది వేరే వాద్యం, చాలామంది రెండూ ఒకటనుకుంటారు. దానికి 7 తీగలు, బ్రిడ్జిలు నిలబెట్టరు, వేలు ఎక్కడ ఆనాలో చెప్పే 13 చుక్కలు. 1977లో వాయేజర్ వ్యోమనౌకతో అంతరిక్షానికి పంపిన రికార్డులో గుచిన్ విద్వాంసుడు గువాన్ పింగ్‌హు వాయించింది అదే. ఎడమచెయ్యి జారే తీరు మన జారు గమకానికి దగ్గరగా ఉంటుంది, నిజానికి నా మనసు దాని మీదే. కానీ దాని పాతకాలపు రాతలో ఏ తీగ, ఏ వేలు అనే ఉంటుంది, లయ ఉండదు. తాళం వేస్తూ పెరిగిన మనకి ముందు గుజెంగే నయం.

కొనేముందు ఒక్కమాట. ఐదడుగుల పైచిలుకు పెట్టె అది. బ్రిడ్జిలు అతికించి ఉండవు, తీగల బిగువుకే నిలబడతాయి. హైదరాబాద్ వచ్చేటప్పుడు తీగలు వదులుచేసి, 21 బ్రిడ్జిలూ ఒకే సంచిలో పోశాను. ఎత్తులో ఒకదానికీ పక్కదానికీ తేడా నూలుపోగంత. ఏది దేనిదో తేల్చడానికి రెండు రోజులు పట్టింది. మీరు తీసేముందే అడుగున పెన్సిల్‌తో అంకెలు వేసుకోండి.