ముప్పై ఏళ్ల రోగం, రెండేళ్ల గడువు

ఆస్‌బెస్టాస్ దుమ్ము, దానివల్ల వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్, పరిహారం గురించి పాఠకుల ప్రశ్నలకు ఛాతీ వైద్యులు, కార్మిక చట్టాల వకీళ్లు కలిసి ఇచ్చిన జవాబులు.

ప్రశ్న: మా బాపు 1989 నుంచి 2012 దాకా ఒక పవర్ హౌస్‌ల కాంట్రాక్టరు కింద లాగింగ్ పని, అంటే వేడి పైపులకు ఆస్‌బెస్టాస్ చుట్టే పని చేసిండు. 2025 జూన్‌ల ముక్క పరీక్ష (బయాప్సీ) చేసి మీసోథీలియోమా అన్నరు. ఆయన వయసు 58. కంపెనీకి పోతే "బీడీలు తాగుతవు గదా, కాంట్రాక్టరు ఎప్పుడో పోయిండు, నువ్వు పని మానేసి పదమూడేండ్లాయె" అని పంపిచ్చిండ్రు. ఏమన్న దారి ఉన్నదా?
– హుజూరాబాద్ పాఠకుడు

జవాబు: వాళ్లు చెప్పిన మూడు సాకుల్లో మొదటి రెండూ చెల్లవు. మూడోదాని కోసమే కష్టపడాలి.

బీడీ వల్ల ఊపిరితిత్తి క్యాన్సర్ వస్తుంది. మీసోథీలియోమా వచ్చేది ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరకు, దానికీ పొగకూ సంబంధం లేదు. ఆస్‌బెస్టాస్ తగిలిన 20 నుంచి 50 ఏళ్ల తర్వాత బయటపడటం ఈ రోగం లక్షణం. 1989లో పనిలో చేరిన మనిషికి 2025లో రావడంలో వింతేమీ లేదు.

కాంట్రాక్టరు లేకపోతే అసలు యజమాని ఉన్నాడు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చిన యజమానే పరిహారం కట్టాలి. ఆ డబ్బును కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవడం యజమాని తలనొప్పి, మీది కాదు. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా ఆ చట్టం మూడో షెడ్యూలులోని వృత్తి రోగాల జాబితాలోనే ఉంది. (2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. మీ నాన్నగారి రోగం అంతకుముందే తేలింది కనుక ఇక్కడ పాత చట్టం లెక్కే చెబుతున్నాం.)

ఇక పదమూడేళ్ల సంగతి. ఆర్నెల్లకు తక్కువ కాకుండా పనిచేసి, ఇంకా పనిలో ఉండగానే రోగం వస్తే అది పని వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించాల్సింది యజమాని. పని మానేశాక వస్తే నిరూపించే బరువు మన మీదికి మారుతుంది. పైగా దావాకు గడువు రెండేళ్లు. పని మానిన రెండేళ్లలోపు లక్షణాలు కనబడితే ఆ రోజు నుంచి లెక్కపెడతారు. ముప్పై ఏళ్లకు బయటపడే రోగానికి ఈ రెండేళ్ల లెక్క సరిపోదని వేరే చెప్పాలా? అయితే తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించి దరఖాస్తు తీసుకునే అధికారం పరిహార కేసులు వినే కమిషనర్‌కు ఆ చట్టం 10వ సెక్షన్‌లోనే ఉంది. అందుకే పరిహారం దరఖాస్తుతో పాటే ఆలస్యాన్ని మన్నించమని మరో దరఖాస్తు పెట్టాలి. "2025 జూన్‌లో బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఈ రోగమని తెలిసే వీలు లేదు" అని అందులో తేదీతో సహా రాయించండి. 2027 జూన్ దాటనివ్వొద్దు.

దరఖాస్తు పెట్టాల్సింది కార్మిక శాఖ కార్యాలయంలో, పరిహార కమిషనర్‌గా పనిచేసే అధికారి దగ్గర. మీరుండే చోటు ఏ అధికారి పరిధిలోకి వస్తే అక్కడే వేయొచ్చు, పవర్ హౌస్ ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

కేసు నిలబడేది కాగితాల మీద. పాత గేట్ పాస్, పీఎఫ్ చీటీ, జీతం కవరు, పక్కన పనిచేసిన ఇద్దరు ముగ్గురి అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. గేట్ పాస్ మీద ముద్ర వెలిసిపోయి ఉంటుంది, ఇవాళే ఫోటో తీసి, రంగు జిరాక్స్ తీయించి పెట్టండి. అఫిడవిట్‌లో "దుమ్ములో పనిచేశాడు" అంటే చాలదు. ఏ యూనిట్లో, ఏ పైపుల మీది పాత లాగింగ్ పీకాడు, తాడు ప్యాకింగ్ ఎక్కడ చుట్టాడు, పైపుల అతుకుల్లో పెట్టే గాస్కెట్లు దేనితో కోశాడు, ఆస్‌బెస్టాస్ పొడిని బస్తాలోంచి ఎవరు కుమ్మరించి కలిపారు, ఇవన్నీ కావాలి. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పిచ్చింది. ఆ లెక్కన మీ నాన్నగారి రికార్డు 2029 దాకా ఉండాలి. ప్రభుత్వ రంగ సంస్థ అయితే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. లేదని రాతపూర్వకంగా జవాబొస్తే అదీ మీకు సాక్ష్యమే.

ఎంత వస్తుంది? లెక్కలోకి వచ్చే నెల జీతం 9,000 అనుకుందాం. పూర్తిగా పనికి పనికిరాని స్థితి అయితే అందులో 60 శాతం, అంటే 5,400. దాన్ని చట్టం పట్టికలో 58 ఏళ్ల వయసుకున్న గుణకం 124.70తో హెచ్చిస్తే 6,73,380 రూపాయలు. మనిషి పోతే 50 శాతం లెక్క, 5,61,150. వైద్యానికి అయిన అసలు ఖర్చు వేరుగా అడగాలి, కాబట్టి ప్రతి బిల్లూ దాచండి. ఇవ్వాల్సిన నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ.

జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కోత ఉండేదా అన్నది ముందే చూసుకోండి. ఉంటే ఈ దారి మూసుకుపోతుంది, ఈఎస్ఐ నుంచే నెలనెలా వచ్చే ప్రయోజనం అడగాలి. ఇంకొక్క మాట: జరగరానిది జరిగితే, కంపెనీ ఇంటికొచ్చి తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చే డబ్బు చట్టం దృష్టిలో పరిహారం కాదు. మరణ పరిహారం కమిషనర్ దగ్గర జమ కావాల్సిందే. మరణ కారణం ధ్రువపత్రంలో "గుండె ఆగింది" అని వదిలేయకుండా మీసోథీలియోమా అని రాయించుకోండి.

ప్రశ్న: మా పెదనాన్నకు ఊపిరితిత్తికి నీరు పట్టింది. టీబీ అని ఆరు నెలలు మందులు వాడినా మళ్లీ నిండుతోంది. ఒకప్పుడు ఆస్‌బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో చేశారు. డాక్టర్‌ను ఏమడగాలి?
– హనుమకొండ పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఫ్యాక్టరీ మాట చెప్పండి, కేసు షీట్లో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నదీ రాయించండి. మన దగ్గర ఛాతీలో నీరు అనగానే టీబీ అనుకోవడం సహజం, ఎక్కువసార్లు నిజం కూడా. పూర్తి కోర్సు అయ్యాక కూడా నీరు తిరిగొస్తుంటే మాత్రం ఆగి చూడాలి. తీసిన నీటిని పరీక్షిస్తే మీసోథీలియోమా చాలాసార్లు దొరకదు. సీటీ స్కాన్, తర్వాత థొరాకోస్కోపీతో (ఛాతీలోకి చిన్న గొట్టం కెమెరా పెట్టి) పొర ముక్క తీసి పరీక్షించాలి. ఆ ముక్క మీద ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే అది ఏ రకం క్యాన్సరో రంగులతో తేల్చే పరీక్ష చేయించమనండి. అందులో కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 అనే గుర్తులు పాజిటివ్, టీటీఎఫ్1 నెగటివ్ వస్తే మీసోథీలియోమా వైపు మొగ్గు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మొదలుపెట్టి, అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌కో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లొచ్చు. మైనంలో పెట్టిన ఆ ముక్క బ్లాకు అగ్గిపెట్టెలో పట్టేంత ఉంటుంది. ఊరు మారితే దాన్ని అడిగి వెంట తీసుకెళ్లండి, మళ్లీ కోయక్కర్లేదు.

ప్రశ్న: మా నాన్న గల్ఫ్‌లో రిఫైనరీ పని చేసి వచ్చారు. ఈ రోగం గురించి ఫోన్లో వెతికితే లక్షల డాలర్లు ఇప్పిస్తామని ప్రకటనలు వస్తున్నాయి. నిజమేనా?
– జగిత్యాల పాఠకుడు

జవాబు: ఆ ప్రకటనలు చెప్పే అమెరికా కంపెనీల పరిహార నిధులు నిజమే, మీకు వర్తించడం అరుదు. అక్కడి ఆస్‌బెస్టాస్ కంపెనీ జాన్స్ మాన్‌విల్ 1982లో దివాలా పిటిషన్ వేశాక బాధితుల కోసం నిధి పెట్టాల్సి వచ్చింది, తర్వాత మరికొన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి. ఫలానా కంపెనీ సరుకు మీ నాన్నగారికి ఫలానా చోట తగిలిందని చూపితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. పాత పాస్‌పోర్టులు, వీసా ముద్రలు, కంపెనీ గుర్తింపు కార్డు పారేయకండి. ముందుగా ఫీజు అడిగే ఏజెంటుకు రూపాయి ఇవ్వకండి. అక్కడి వకీళ్లు మామూలుగా గెలిచిన సొమ్ములోంచే తీసుకుంటారు.

ప్రశ్న: మా ఇంటి మీద ముప్పై ఏళ్ల సిమెంటు రేకులు. కోతులు దూకి నాలుగు పగిలాయి. తీసేయాలంటే భయంగా ఉంది.
– నర్సంపేట పాఠకుడు

జవాబు: పగలని రేకు కింద పడుకుంటే అంత భయం లేదు, అందులోని ఆస్‌బెస్టాస్ నార సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. కోసినా, తొలిచినా, పగలగొట్టినా, ఎండు చీపురుతో ఊడ్చినా ఆ నార దుమ్మై లేస్తుంది. ముందు నీళ్లలో కాస్త సబ్బు కలిపి రేకు మీద మెల్లగా చల్లండి. ప్రెజర్ పైపుతో కొట్టొద్దు. తుప్పుపట్టిన హుక్కులను కట్టర్‌తో కోసి, రేకును నిండుగా ఇద్దరు పట్టుకుని దించాలి, పైనుంచి విసరొద్దు. గ్రైండర్ మాట ఎత్తే మేస్త్రీని పెట్టుకోకండి. రుమాలు అడ్డం పెడితే ఆగే దుమ్ము కాదిది, ముఖానికి బిగుతుగా పట్టే ఎఫ్ఎఫ్‌పీ3 లేదా పీ100 మాస్కు కావాలి. ముక్కలను తడిగా ఉండగానే మందపాటి ప్లాస్టిక్‌లో రెండు పొరలు చుట్టండి. వాకిట్లో గుంత పూడ్చడానికో కోళ్ల గూటికో వాడొద్దు. ఆ రోజు వేసుకున్న బట్టలు విడిగా, తడిపి ఉతకండి. మిగతా రేకులు గట్టిగా ఉంటే వాటికి రంగు వేసి వదిలేయొచ్చు.