పాత తెలుగు సినిమాలు నిజంగానే అంత గొప్పవా? నా మటుకు నా జవాబు

"పాత సినిమాలు, పాత నటులు, దూరదర్శన్ రోజులు అంటూ పెద్దవాళ్ళు తెగ మురిసిపోతుంటారు. అవి నిజంగా అంత గొప్పవా, లేక చిన్నప్పటి జ్ఞాపకాల మీద మమకారమా?" అని అడిగారు. రెండూ ఉన్నాయండీ. యాభై దాటినవాణ్ణి, మమకారం లేదని బుకాయిస్తే ఎవరూ నమ్మరు.

పాతవన్నీ గొప్పవి కావని మాత్రం ముందే చెప్పేస్తాను. శనివారం సాయంత్రం టీవీలో వేసిన సినిమాల్లో సగానికి సగం పేర్లు కూడా ఇప్పుడు గుర్తులేవు. చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయిన అన్నదమ్ములు, వాళ్ళను కలపడానికి ఒక పాట, చివర్లో గోడౌన్లో డ్రమ్ములు దొర్లించుకుంటూ ఫైటు. అవి మళ్ళీ చూడమంటే దండం పెడతాను. కానీ కొన్ని ఉన్నాయి, ఎన్నిసార్లు వచ్చినా రిమోట్ పక్కన పెట్టేస్తాను. అవి అలా నిలబడటానికి కారణం ఏమిటంటే, నా లెక్కలో హీరోలు కాదు, పక్క పాత్రలు. ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులు నన్ను తిట్టుకోకుండా చివరిదాకా చదవండి.

ఎస్వీ రంగారావుతోనే మొదలుపెడతాను, ఆయన్ని దాటి ముందుకు వెళ్ళలేం. 'దేవదాసు' 1953లో వచ్చింది. అందులో ఏఎన్నార్‌కి తండ్రి ఎస్వీఆర్. నిజానికి ఇద్దరికీ వయసులో తేడా ఐదారేళ్ళే. 'మిస్సమ్మ' 1955 జనవరిలో వచ్చేసరికి ఆయనకి 36 ఏళ్ళు. జమున తండ్రిగా, ఊరి పెద్దగా, జమీందారుగా కనిపిస్తాడు, ఎక్కడా మనకి అనుమానం రాదు. తెల్ల జుట్టు పెట్టుకుని దగ్గినంత మాత్రాన ముసలితనం రాదు కదా. ఆయన కుర్చీలో కూర్చునే తీరులోనే వయసు ఉంటుంది. కూర్చోవడానికి తొందరపడడు, లేవడానికి అంతకన్నా తొందరపడడు. ఎవరైనా మాట్లాడుతుంటే ముందు కళ్ళు తిప్పి చూస్తాడు, ఆ తర్వాత మెడ తిరుగుతుంది. ఆ ఒక్క క్షణం ఆలస్యం చాలు, ఎదుటివాడికి కాళ్ళు వణకడానికి.

అదే మనిషి 1951 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు, 1963 'నర్తనశాల'లో కీచకుడు. ఆ కీచకుడికి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. బహుమతి సంగతి అలా ఉంచండి, నాకు ఆ కీచకుడిలో నచ్చేది అతను తనను తాను రసికుడిగా అనుకోవడం. తప్పు చేస్తున్నానన్న స్పృహే లేని విలన్. ఇప్పటి సినిమాల్లో విలన్ వస్తున్నాడంటే ముందు పది కార్లు వస్తాయి. కీచకుడికి నడక చాలు.

ఇక 'మాయాబజార్'. 1957, విజయా వారి చిత్రం, కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి మాటలు. దీని గురించి అందరూ అన్నీ చెప్పేశారు, అయినా ఒక్క సన్నివేశం దగ్గర ఆగుతాను. ఘటోత్కచుడు (ఎస్వీఆర్) శశిరేఖ వేషంలో ద్వారకలో బలరాముడి ఇంట్లో చేరతాడు. తెర మీద ఉన్నది సావిత్రి, కానీ ఆవిడ చేయాల్సింది సావిత్రి రూపంలో ఉన్న ఎస్వీఆర్‌ని. చెలికత్తెల మధ్య వయ్యారంగా పాడుతూ పాడుతూ మధ్యలో మరిచిపోయి భుజాలు విరుస్తుంది. లేని మీసం మీదకి చెయ్యి పోతుంది. అంతలో గుర్తొచ్చి చటుక్కున సిగ్గు ఒలకబోస్తుంది. ఈసారి చూసినప్పుడు ముఖం వదిలేసి పాదాలు చూడండి. శశిరేఖగా ఉన్నప్పుడు అడుగు మునివేళ్ళ మీద పడుతుంది, లోపలివాడు బయటికొచ్చినప్పుడు మడమ మీద పడుతుంది. సావిత్రిని మహానటి అని ఎందుకంటారో చెప్పడానికి ఏడుపు సీన్లు చూపిస్తుంటారు. నేనైతే ఇది చూపిస్తాను. కామెడీలో, అదీ మగవాడి నడకతో, ఇంత అందంగా చేసినవాళ్ళు నాకు ఇంకొకరు కనబడలేదు.

అసలు ఆ సినిమాలో హీరో ఎవరో చెప్పండి చూద్దాం. పాండవుల కథ, పాండవులు ఒక్క సీన్లో కూడా రారు. అభిమన్యుడుగా ఏఎన్నార్ ఉన్నాడు, నౌకలో పాట పాడుకుంటాడు. కృష్ణుడుగా ఎన్టీఆర్ నవ్వుతూ అన్నీ నడిపిస్తుంటాడు. గుర్తుండిపోయేది మాత్రం లక్ష్మణ కుమారుడిగా రేలంగి, చిన్నమయగా రమణారెడ్డి, పురోహితులుగా అల్లు రామలింగయ్య, వంగర. బలరాముడుగా వేసిన గుమ్మడి ఎన్టీఆర్ కంటే నాలుగేళ్ళు చిన్నవాడని తెలిసినప్పుడు నోరెళ్ళబెట్టాను.

శకుని సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు చేసిన శకుని ఎక్కడా గొంతు పెంచడు. పాచికలు చేతిలో వేసుకుని, ఏదో పిల్లల ఆట చూపిస్తున్నట్టు చిరునవ్వుతో చూపిస్తాడు. దుర్మార్గం అంటే కళ్ళెర్రజేయడమే అనుకునేవాళ్ళు ఆ సీను ఒకటికి రెండుసార్లు చూడాలి. తర్వాత 'శ్రీకృష్ణ పాండవీయం'లో ధూళిపాళ వచ్చి ఇంకో శకునిని చూపించాడు. ధూళిపాళది కసి, సి.ఎస్.ఆర్.ది సరదా. ఎవరు గొప్ప అని మా బావమరిదికీ నాకూ పండక్కి కలిసినప్పుడల్లా వాదనే. నేను సి.ఎస్.ఆర్. పక్షం.

ఇప్పుడు తిట్లు తినే అభిప్రాయం ఒకటి. 'గుండమ్మ కథ' నాకు పూర్తిగా నచ్చదు. 1962లో వచ్చిన ఈ సినిమా ఎన్టీఆర్‌కి వందోది, ఏఎన్నార్‌కి తొంభై తొమ్మిదోది. ఎన్టీఆర్ అంతటి పెద్ద స్టారు నిక్కరు వేసుకుని, పనివాడిగా రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ పాడటం చూస్తే ముచ్చటేస్తుంది, ఆ ధైర్యానికి దండం. కానీ సెకండాఫ్‌లో జమునకి బుద్ధి చెప్పే వ్యవహారం ఉందే, అది ఇప్పుడు మా అమ్మాయితో కలిసి చూస్తుంటే ఇబ్బందిగానే ఉంటుంది. పొగరున్న పెళ్ళాన్ని కూలిపని చేయించి దారిలో పెట్టడం అప్పట్లో హాలంతా నవ్వుకునే విషయం. మా అమ్మాయి "ఇందులో నవ్వేది ఏముంది నాన్నా" అంది. నా దగ్గర జవాబు లేదు.

మరి ఆ సినిమా ఇప్పటికీ ఎందుకు నడుస్తోందంటే సూర్యకాంతం వల్ల. అందరూ గయ్యాళి గయ్యాళి అంటారు గానీ, జాగ్రత్తగా చూస్తే గుండమ్మ చేసే ఘోరాలు పెద్దగా ఏమీ లేవు. మొగుడు లేని మనిషి, ఆస్తి ఉంది, కూతురికి మంచి సంబంధం కావాలి, సవతి కూతురంటే గిట్టదు. అంతే. మిగతాదంతా ఆవిడ ఎడమ చెయ్యి చేస్తుంది. మాట ఇంకా నోట్లో ఉండగానే ఆ చెయ్యి గాల్లోకి లేచి ఎదుటివాడిని పక్కకి నెట్టేస్తుంది. రమణారెడ్డి గంటయ్యగా పక్కన చేరి సన్నగా నవ్వుతూ పుల్లలు పెడుతుంటే, వీళ్ళిద్దరి మధ్య ఎన్టీఆర్ ఉన్నాడా ఏఎన్నార్ ఉన్నాడా అని ఎవరు చూస్తారు? చివర్లో ఛాయాదేవి వచ్చి గుండమ్మనే సాధించేటప్పుడు మనకి గుండమ్మ మీద జాలేస్తుంది. గయ్యాళి మీద జాలి పుట్టించడం మామూలు విషయం కాదు.

పక్క పాత్రల మీద నాకు ఇంత పిచ్చి పట్టడానికి దూరదర్శన్ కూడా కారణమే. వారానికి ఒక్క తెలుగు సినిమా. నచ్చినా నచ్చకపోయినా అదే చూడాలి, మార్చడానికి ఇంకో ఛానెల్ లేదు. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు మాస్టారిది, కిటికీ దగ్గర నిలబడేవాళ్ళతో కలిపి అక్కడ చిన్న హాలే నడిచేది. మధ్యలో సినిమా ఆపేసి వార్తలు. శాంతిస్వరూప్ గారు తొణక్కుండా, ఒక్క అక్షరం మింగకుండా వార్తలు చదివేవారు. 1983లో తెలుగు వార్తలు మొదలైనప్పుడు తొలి న్యూస్ రీడర్ ఆయనే. ఆయన చదివినంతసేపూ పెద్దవాళ్ళు వార్తలు విన్నారని నేను అనుకోను, ఆగిపోయిన సినిమా గురించే మాట్లాడుకునేవాళ్ళు. "ఆ మునసబు వేషం వేసినవాడే కదా పోయినవారం డాక్టరు?" ఇలా. హీరో హీరోయిన్లు వారవారం మారేవాళ్ళు. గుమ్మడి, రమణారెడ్డి, ఛాయాదేవి, అల్లు రామలింగయ్య మాత్రం ఏ సినిమాలో చూసినా ఉండేవాళ్ళు. అలా వాళ్ళే మనవాళ్ళైపోయారు.

శుక్రవారం చిత్రలహరి గురించి చెప్పక్కర్లేదు, ఐదారు పాటల కోసం ఊరంతా ఆగేది.

1987 జనవరిలో ఆదివారం ఉదయాలు 'రామాయణ్' మొదలైంది. మా నాయనమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా కథ తెలుసు కాబట్టి ఎక్కడా తడుముకోలేదు, పైగా పక్కవాళ్ళకి అర్థం చెప్పేది. అరుణ్ గోవిల్‌ని చూసి, "బాగానే ఉన్నాడ్రా, కానీ మన రామారావు కాడు" అని ఒక్కమాటలో తేల్చేసింది. ఆవిడ కొలత 'లవకుశ'. 1963లో వచ్చిన ఆ రంగుల చిత్రం చూసినవాళ్ళకి ఇంకో రాముడు, ఇంకో సీత ఎక్కడం కష్టమే. ఇక్కడ నాది వేరే దారి. 'రామాయణ్'లో అరవింద్ త్రివేది రావణుడు నాకు చాలా నచ్చాడు. 'మహాభారత్'లో గూఫీ పెయింటల్ శకుని కూడా మంచివాడే (శకుని మంచివాడు అనడం నాకే నవ్వొస్తోంది), కానీ ఆ కుంటి నడక, ఆ ఒంటికన్ను చూపు దగ్గరే సగం పని అయిపోతుంది. సి.ఎస్.ఆర్. అలాంటివేవీ లేకుండా చేశాడు.

కేబుల్ వచ్చాక చూసినవాటిలో నాకు నిలిచింది 'అమృతం' ఒక్కటే. 2001లో జెమినీలో మొదలైంది, గుణ్ణం గంగరాజు గారి పుణ్యం. నా వాదనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. అమృతం పాత్ర వేసినవాళ్ళు మారుతూ వచ్చారు. శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. సీరియల్లో హీరోనే మారిపోతే జనం తిరగబడాలి కదా? ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే ఆంజనేలు మారలేదు. ఆ పాత్రలో గుండు హనుమంతరావు ఉన్నాడు, అప్పాజీ అద్దె అడుగుతూనే ఉన్నాడు, సర్వం సర్వ్ చేస్తూనే ఉన్నాడు. అందులోని అమృత విలాస్ హోటల్ ఇడ్లీ మీద జోకులు ఇప్పటికీ మా ఇంట్లో టిఫిన్ దగ్గర నడుస్తుంటాయి.

దర్శకుడు జంధ్యాల గురించి రాయడం మొదలుపెడితే ఇది ఇప్పట్లో అవ్వదు. ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 'అహ నా పెళ్ళంట' 1987లో వచ్చింది, హీరో రాజేంద్రప్రసాద్. కానీ ఎవరినైనా ఆ సినిమా గురించి అడగండి, ముందు కోట శ్రీనివాసరావు పిసినారితనం, వేలాడదీసిన కోడి, ఆ తర్వాతే మిగతావి.

కొత్తవాళ్ళు ఏది ముందు చూడాలని అడిగితే, 'మాయాబజార్'తో మొదలుపెట్టొద్దంటాను. దాని మీద ఇప్పటికే అందరూ ఇంత చెప్పేశాక "ఇదేనా" అనిపించే ప్రమాదం ఉంది. ముందు 'మిస్సమ్మ' చూడండి. క్రిస్టియన్ అమ్మాయి, హిందూ అబ్బాయి ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలుగా నటించే కథ, 1955లో. ఈనాటి రొమాంటిక్ కామెడీలకి ఏమాత్రం తీసిపోదు. అది నచ్చితే 'మాయాబజార్'కి రండి. దానికి 2010లో రంగులు వేసిన ప్రింటు కూడా ఉంది, పిల్లలు దానికే ఓటేస్తారు. నన్నడిగితే నలుపు తెలుపుల్లోనే చూడమంటాను. కెమెరామన్ మార్కస్ బార్ట్లే పట్టిన ఆ వెన్నెలకి రంగు వేస్తే నాకు సహించదు. పిల్లలు మొండికేస్తే మాత్రం రంగుల్లోనే చూపించండి, గొడవెందుకు.