సమాధానం: ఏప్రిల్‌లో యోసెమిటీ, ట్రైలర్‌లో హీటర్ రాత్రంతా నడుస్తుందా?

సార్, ఎంవీపీ కాలనీలో కూర్చుని మీరు టెన్షన్ పడుతున్నది రెండు విషయాలకు. ఏప్రిల్ చివర్లో అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్కు ట్రిప్పుకి మీ అబ్బాయి అద్దెకు తీసుకునే ట్రైలర్‌లో (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) హీటర్ తెల్లారేదాకా నడుస్తుందా, పార్కులోని టయోగా రోడ్డు మీదుగా కొండ దాటొచ్చా అని.

రోడ్డు ఆశ వదిలేయండి. మంచు వల్ల మామూలుగా మే చివరిదాకా తెరవరు.

అసలు కిటుకంతా హీటర్ దగ్గరే. మంట గ్యాస్‌దే అయినా వేడిగాలిని తోసే ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది. యోసెమిటీ క్యాంపుల్లో ట్రైలర్ నిలిపే చోట కరెంటు కనెక్షన్ ఉండదు. సిలిండర్ నిండుగా ఉన్నా, తెల్లవారుజామున బ్యాటరీ దిగిపోతే ఫ్యాన్ గుర్రుమని ఆగిపోతుంది, అంతే. జనరేటర్ ఉదయం 7–9, మధ్యాహ్నం 12–2, సాయంత్రం 5–7 మధ్యే వేయనిస్తారు. సాయంత్రం దాంతో బ్యాటరీ ఛార్జింగ్ మాత్రం వదలొద్దు. పడుకునే ముందు థర్మోస్టాట్ (హీటర్ వేడి సెట్ చేసేది) బాగా తగ్గించి మందపాటి రగ్గులు కప్పుకోండి. లంబసింగి చలి చూసిన మనకి ఇదేమంత కష్టం కాదులెండి.

అక్కడి అప్పర్ పైన్స్ క్యాంపులో ట్రైలర్ 24 అడుగులు దాటకూడదు, అద్దెకిచ్చేవాళ్లని కొలత ముందే అడగండి. మంచులో జారకుండా టైర్లకు చైన్లు కూడా ఇప్పించుకోండి. ఆవకాయ సీసా బయట బల్ల మీద వదిలేయకండి, అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి.