డిఫర్ అయ్యాక కొత్త వివరాలు పంపొచ్చా?

ప్రశ్న: అమెరికా కాలేజీకి మా అమ్మాయి పెట్టిన ఎర్లీ (ముందస్తు) దరఖాస్తు డిసెంబరులో డిఫర్ అయింది, అంటే నిర్ణయం రెగ్యులర్ దరఖాస్తులతో పాటు చెబుతామని వాయిదా వేశారు. ఫిబ్రవరి సగమైంది. కొత్త మార్కులు, సైన్స్ పోటీలో వచ్చిన బహుమతి సంగతి ఇప్పుడు పంపితే చూస్తారా?

జవాబు: రెగ్యులర్ ఫలితాలు చాలాచోట్ల మార్చి చివర్లో వస్తాయి. ఈ వారమే పంపించండి. ముందు డిఫరల్ లేఖ మళ్లీ చదవండి. ఏమీ పంపొద్దని ఉంటే ఆగాల్సిందే. పోర్టల్‌లో అప్‌డేట్ ఫారం ఉంటే అందులోనే పెట్టాలి, ఈమెయిల్ ఫైలుకు చేరకపోవచ్చు. మార్కులు మీరు చెబితే చాలదు, మిడ్-ఇయర్ రిపోర్టు (ఏడాది సగం వరకు వచ్చిన మార్కుల నివేదిక) స్కూల్ కౌన్సెలర్ నుంచే వెళ్లాలి. ఆలస్యమయ్యేది ఎక్కువగా అక్కడే, రేపే అడగండి. కాలేజీకి పంపే లేఖ ఒక పేజీ దాటకూడదు, దరఖాస్తు తర్వాత జరిగినవే ఉండాలి. ‘సీటిస్తే తప్పక చేరతాను’ అన్నమాట నిజమైతేనే రాయాలి. అన్నట్టు, రాయాల్సింది అమ్మాయి, మీరు కాదు!