పెంచుకుంటున్న పాప మీద కోపం వస్తోంది.. నాకేమైనా జబ్బా డాక్టర్?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మాకు పిల్లల్లేరు. మూడు నెలల క్రితం ఫోస్టర్ కేర్ (కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లలను దత్తత లేకుండా ఇంట్లో పెంచే ఏర్పాటు) కింద ఏడేళ్ల పాపను తెచ్చుకున్నాం. తిండి దిండు కింద దాచుకుంటుంది, నన్ను ఆంటీ అనే పిలుస్తుంది, వాళ్లమ్మను కలిసొచ్చిన రోజల్లా ఏడుపే. అరిచేస్తున్నాను, తర్వాత నిద్ర పట్టదు. మా అత్తగారి నిద్రమాత్ర సగం వేసుకుంటున్నా. ఆవిడేమో పరాయి పిల్ల పరాయి పిల్లే అంటారు. ఆఫీసర్లకు చెబితే పాపను తీసుకెళ్లిపోతారని భయం. నాకు ప్రేమ లేదా, ఇది జబ్బా? - ఓ సోదరి, హనుమకొండ

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. ఒకరికి రాసింది ఇంకొకరు వేసుకోకూడదు. ఆల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్ లాంటివైతే కొన్ని వారాల్లోనే అలవాటైపోతాయి. ఎప్పుడో ఒకసారి వేసుకుని ఉంటే మానేయండి, రోజూ వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ను అడిగి తగ్గించుకోండి.

ఇక ప్రేమ గురించి. అది ఇంకా పుట్టకపోవడం జబ్బు కాదు. కన్న బిడ్డను చూడగానే ప్రేమ పొంగని తల్లులు కూడా ఉంటారు, పైకి చెప్పరంతే. మీ ఇంటికి వచ్చింది తన భయాలు, తన అలవాట్లు, తనకో అమ్మ ఉన్న పిల్ల. ముద్ద పెడితే మొహం తిప్పుకుని, దగ్గరికి తీసుకుంటే బిగుసుకుపోతుంటే, కొన్నాళ్లకు పెంచేవాళ్ల మనసు కూడా మొద్దుబారుతుంది. పనులన్నీ చేస్తూనే ఉంటారు, లోపల ఏమీ అనిపించదు. ఫోస్టర్ తల్లిదండ్రుల్లో ఇది మాకు తెలిసిన విషయమే. పిల్లలు పుట్టలేదన్న పాత బాధ కూడా మీలో మిగిలి ఉందేమో చూసుకోండి. పాప వస్తే అది పోతుందనుకుంటారు చాలామంది. పోదు, దాన్ని తీర్చడం ఏడేళ్ల పిల్ల వల్ల అయ్యే పని కాదు.

తిండి దాచుకోవడాన్ని దొంగతనం అనకండి. ఆకలి చూసిన పిల్లలకు కడుపు నిండినా భయం తీరదు. తనకు అందే ఎత్తులో ఓ డబ్బాలో పల్లీపట్టీలు, బిస్కెట్లు పెట్టి ఇది నీదే, ఎప్పుడైనా తీసుకో అని చెప్పండి, అయిపోతే అడక్కుండానే నింపండి. దిండు కింద చీమలు పట్టడం కొన్నాళ్లు తప్పదు. అమ్మను కలిసొచ్చాక ఏడుస్తోందంటే మీరు చెడ్డవాళ్లని కాదు. మీతో నవ్వితే అమ్మకు ద్రోహం చేసినట్టు ఆ వయసులో అనిపిస్తుంది. ఆ సాయంత్రం హోంవర్క్, చుట్టాలు ఏమీ పెట్టుకోకండి. ఆంటీ అనే పిలవనివ్వండి.

మీ నిద్రలేమి, కోపం మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డిప్రెషన్ అనుమానించాలి. సైకియాట్రిస్టును కలవండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 కూడా చూపించుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, పాప మీద చెయ్యి లేచేలా ఉన్నా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆఫీసర్ల భయం గురించి. బాలల సంక్షేమ కమిటీ నెలనెలా ఫోస్టర్ కుటుంబాలను చూడాలని బాల న్యాయ చట్టంలోనే ఉంది. వాళ్లు చూసేది పాప బాగోగులు. కౌన్సెలింగ్ కావాలని అడగడం అశ్రద్ధ కింద రాదు. అంతా బాగుందని చెబుతూ వచ్చి ఓ రోజు మావల్ల కాదని పాపను వెనక్కి పంపితేనే ఆ పిల్లకు పెద్ద దెబ్బ. అయితే ఒకటి, ఫోస్టర్ కేర్ దత్తత కాదు. కేంద్రం 2024 ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు వచ్చాక రెండేళ్లు పెంచిన బిడ్డను అదే కుటుంబం దత్తత తీసుకునే వీలుంది (అంతకుముందు ఐదేళ్లు ఆగాలి), కానీ చట్టపరంగా దత్తతకు అర్హత ఉన్న పిల్లలకే అది. మీ పాపకు అమ్మ ఉంది, వచ్చి కలుస్తోంది కూడా. ఆ రెండేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి.

ఇంకోటి, మీ ప్రశ్నలో మీ ఆయన మాట ఎక్కడా లేదు. పాప ముందు 'పరాయి పిల్ల' అనొద్దని అత్తగారికి చెప్పాల్సింది ఆయన, మీరు కాదు. వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లే పని వచ్చేసారి ఆయనకే అప్పగించండి, కమిటీ వాళ్లు వచ్చినప్పుడు ఆయన్నీ ఇంట్లో ఉండమనండి.