పదో తరగతి వీడ్కోలు: మైకులో ఏం చెప్పాలి, చేతికి ఏమిచ్చి పంపాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పదో తరగతి పిల్లల వీడ్కోలు గురించే. ఎక్కువ రాసింది నల్లగొండ, పాలమూరు వైపు పాఠకులు. ఉన్నత పాఠశాలల్లో పనిచేసి రిటైరైన ప్రధానోపాధ్యాయులు వాటిలో కొన్నింటికి ఇచ్చిన జవాబులు ఇవి.

ప్రశ్న: మా జిల్లా పరిషత్‌ హైస్కూల్లో 62 మంది పది రాస్తున్నారు. నేను స్కూల్‌ అసిస్టెంట్‌ను. ఇన్‌చార్జి హెచ్‌ఎం బాధ్యత ఈ ఏడే నా మీద పడ్డది. ఫేర్‌వెల్‌ నాడు పెద్దసారు హోదాలో నేను మాట్లాడాలె. ఉపన్యాసాలు నాకు రావు. ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ దగ్గర

ఉపన్యాసం రాకపోవడమే మీకు కలిసొస్తుంది. ఆ రోజు పిల్లలు ఎదురుచూసేది ఉపన్యాసం కోసం కాదు, పెద్దసారు నోట తమ పేరు వినడం కోసం. సభను అందరికీ కలిపి చెప్పే నాలుగైదు నిమిషాల మాట, ఒక్కొక్కరికి ఒక్క వాక్యం అని రెండుగా విడగొట్టండి. ఒక్కొక్కరు వేదిక దాకా నడిచొచ్చి, మీ మాట విని, చెయ్యి కలిపి వెళ్లడానికి 20 సెకన్లు వేసుకున్నా 62 మందికి 21 నిమిషాలు చాలు. మొత్తం అరగంటలోపే అయిపోతుంది.

కష్టమల్లా ఆ ఒక్క వాక్యం తయారు చేసుకోవడంలోనే ఉంది. రెండు వారాల ముందే మొదలుపెట్టండి. హాజరు పట్టీ ముందేసుకుని నలుగురు టీచర్లు తలా పదిహేను, పదహారు మందిని పంచుకోవాలి. ప్రతి పేరు ఎదురుగా ఆ పిల్లవాడు బడిలో చేసిన, కంటికి కనబడ్డ పని ఒకటి రాయాలి. ‘మంచి పిల్లవాడు’, ‘బాగా చదువుతది’ అనే మాటలు ఎవరికైనా సరిపోతాయి కాబట్టి ఎవరికీ అంటవు. ‘బెంచీ మేకు లేస్తే ఎవరూ చెప్పకుండనే రాయి తెచ్చి కొట్టినవు’, ‘ఆరో తరగతి పిల్లలు పంపు కాడ కొట్లాడుకుంటే లైను కట్టించింది నువ్వే’ అన్నామనుకోండి, అది ఆ ఒక్కరికే చెందుతుంది.

ఇందులో జరిగే తప్పు ఒకటుంది. అందరం చలాకీ పిల్లలతోనే మొదలుపెడతాం, వాళ్ల గురించి రాయడం తేలిక గనక. చివరి పదిమందికి వచ్చేసరికి ఓపిక అయిపోయి ‘క్రమశిక్షణ గల విద్యార్థి’ అని రాసి పక్కన పెడతాం. ఆ పదిమందీ వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చున్నవాళ్లే. కాబట్టి ఎవరి గురించి ఏమీ గుర్తుకు రావడం లేదో వాళ్లతోనే మొదలుపెట్టండి. గుర్తుకు రాకపోతే ఆ రెండు వారాలు గమనించండి, వంటచేసే అమ్మలను, అటెండరును అడగండి. టీచర్లకు తెలియనివి వాళ్లకు తెలుస్తాయి.

రాసిన వాక్యాన్ని చీటీగా చేతికిస్తే ఇంకా మంచిది. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే 62 మందికి 16 కాగితాలు సరిపోతాయి. ప్రింటు వద్దు, చేతిరాతే కావాలి, కింద మీ సంతకం ఉండాలి. ఆ రోజు రాని పిల్లల చీటీలు జాగ్రత్త చేసి, తర్వాత వచ్చినప్పుడు అందరికీ ఇచ్చినంత గౌరవంగానే ఇవ్వండి.

పిలిచే వరుస రోల్‌ నంబర్ల ప్రకారం వద్దు. ఏటా ముందు నంబర్లే ముందుంటాయి, చివరివాళ్ల వంతు వచ్చేసరికి సభ లేచి నిలబడి ఉంటుంది. చీటీలు కలిపేసి చేతికొచ్చిన వరుసలో పిలవండి. మార్కుల వరుస అసలే వద్దు.

ఇక అందరికీ కలిపి చెప్పే మాట. ఫలితాల శాతం, పక్క మండలం బడితో పోలిక, ‘మా కాలంలో’ అనే ముచ్చట, ఈ మూడూ తీసేయండి. మహబూబ్‌నగర్‌ వైపు ఈ సభల్లో పిల్లలమర్రి ఊడల పోలిక తప్పనిసరి అయిపోయింది. దాన్నీ ఈసారికి వదిలేయండి. ఊరివాళ్ల సంగతి ఏదైనా చెప్పాలనిపిస్తే నిజంగా జరిగింది చెప్పండి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చేసి చూపించారు. అది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, అర్థం విడమర్చి చెప్పనక్కర్లేదు. చివరగా, పరీక్షల తర్వాత బడికి ఏ రోజుల్లో, ఏ వేళల్లో వస్తే మీరు దొరుకుతారో స్పష్టంగా చెప్పండి. ‘ఎప్పుడైనా రండి’ అంటే పిల్లలు ఎప్పుడూ రారు.

ప్రశ్న: వీడ్కోలు సభ ఎప్పుడు పెట్టాలి? స్వపరిపాలన దినోత్సవం కూడా అదే రోజు పెట్టొచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, నకిరేకల్‌

ప్రీఫైనల్‌ అయ్యాక, అసలు పరీక్షకు కనీసం వారం పది రోజుల ముందు. మరీ దగ్గరికి పెడితే ఆ సాయంత్రం పోయిన చదువు తిరిగి పట్టాలెక్కడానికి రెండు రోజులు పడుతుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నం ఎండలో టెంటు కింద కూర్చోబెట్టడం కుదరదు, పొద్దున్నే ముగించాలి.

స్వపరిపాలన వేరే రోజు పెట్టండి. పొద్దంతా చీరలు కట్టి టీచర్లుగా పాఠాలు చెప్పిన పిల్లలు సాయంత్రానికి అలసిపోతారు.

ప్రశ్న: మా బడి పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు పుణె, ముంబై పనులకు పోయినోళ్లే. ముసలోళ్ల దగ్గర ఉండి చదువుకుంటున్నరు. ఫేర్‌వెల్‌కు ఒక్కొక్కరు 300 తేవాలని తొమ్మిదో తరగతి పిల్లలు తీర్మానం చేసిన్రు. ఇయ్యలేనోళ్లు ఆ రోజు బడికే రారని నా భయం.
– ఒక ఉపాధ్యాయుడు, మక్తల్‌

మీ భయం నిజమే. చందా పెడితే రాని పిల్లలుంటారు, ఎందుకు రాలేదో చెప్పరు కూడా. చందా రద్దు చేసి, ఖర్చునే తగ్గించండి. ఫ్లెక్సీ, డీజే, టీచర్లకు శాలువాలు, షీల్డులు తీసేస్తే మిగిలేది మైకు సెట్టు, తినుబండారం. టీచర్లు తలా కొంత వేసుకున్నా, పూర్వ విద్యార్థుల్లో ఒకరిద్దరిని అడిగినా సరిపోతుంది. టీచర్లకు బహుమతులు వద్దని తొమ్మిదో తరగతికి హెచ్‌ఎం గారే ముందుగా చెప్పాలి. ‘మీ ఇష్టం’ అంటే పిల్లలు తెస్తారు.

తిండికి పులిహోర మేలు. 150 మందికి తలా వంద గ్రాముల లెక్కన 15 కిలోల బియ్యం, కిలోన్నర చింతపండు, రెండు లీటర్ల నూనె దగ్గర పెట్టుకోండి. పల్లీలకు మీ వైపు కొరత లేదు. పులిహోర చెడేది ఒకచోటే. వేడి అన్నాన్ని గుండిగలోనే ఉంచి పులుసు కలిపి మూత పెడితే ఆవిరికి ముద్దయి, మార్చి ఎండకు మధ్యాహ్నానికి వాసన వస్తుంది. అన్నం వార్చి, శుభ్రమైన గుడ్డ మీదనో వెడల్పాటి పళ్లాల్లోనో పరిచి, కొంచెం నూనె, పసుపు కలిపి ఆరాకే పులుసు పట్టించండి. కలిపిన నాలుగు గంటల్లోపు వడ్డన అయిపోవాలి. మధ్యాహ్న భోజనం వండే అమ్మల చేత చేయిస్తే వాళ్లకు ఆ రోజు కూలి విడిగా ఇవ్వండి.

వలస పోయిన తల్లిదండ్రుల విషయం. వీడియో కాల్‌ పెడితే సైటు దగ్గర సిగ్నల్‌ ఉండదు, ఉన్నా పనివేళ మేస్త్రీ మాట్లాడనివ్వడు. అంతకంటే, వారం ముందే వాట్సాప్‌లో అర నిమిషం మాట రికార్డు చేసి పంపమనండి. ఆదివారం రాత్రి అడిగితే వస్తుంది. దాన్ని అందరి ముందూ మైకులో వినిపించకండి, కొందరివి రావు గనక. చీటీ ఇచ్చాక పక్కగదిలో ఆ పిల్లకు మాత్రం ఫోన్‌ ఇచ్చి వినమనండి. తాత, నాయనమ్మ వస్తే ముందు వరుసలో కుర్చీ వేయండి.

ప్రశ్న: మా బిడ్డ ఒకటి నుంచి మూడు దాంక మా తండా బడిల చదివింది. పనికి పట్నం పోయినప్పుడు నాలుగు, ఐదు ఎల్బీనగర్ల చదివింది. ఆరు నుంచి పది మా ఊరి హైస్కూల్ల. బడి నుంచి ఎల్లేటప్పుడు ఏమేం కాయితాలు తీసుకోవాలె సారు?
– ఒక తల్లి, కల్వకుర్తి దగ్గర

అమ్మా, అందరూ టీసీ, మెమో తీసుకుని సరే అనుకుంటారు. మీరు అడిగిన దాంట్లో ముఖ్యమైనది బోనఫైడ్‌, అంటే చదువు సర్టిఫికెట్‌. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడు వరకు చదివిన చోటును బట్టే. కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా లోకల్‌. జిల్లా, జోన్‌ (కొన్ని జిల్లాలు కలిపింది) వారీగా ఉండే స్థానిక కేడర్‌ ఉద్యోగాల్లో 95 శాతం లోకల్‌ వాళ్లకే. మీ బిడ్డ లెక్క చూద్దాం: తండాలో మూడేళ్లు, ఊరి హైస్కూల్లో ఆరు, ఏడు కలిపి రెండేళ్లు, మొత్తం ఐదు. నాగర్‌కర్నూల్‌ జిల్లా లోకల్‌ అవుతుంది, జోగుళాంబ జోన్‌లోకి వస్తుంది. కానీ ఆ ఐదేళ్లకు కాగితం చేతిలో ఉండాలి. ఎల్బీనగర్‌ రెండేళ్లది కూడా తెచ్చుకోండి, మధ్యలో ఖాళీ ఉంటే అడుగుతారు.

హైస్కూలు ఆరు నుంచి పదికి ఇస్తుంది. మిగతావి ఆయా బడుల నుంచే తేవాలి. తండా బడి మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసులో రికార్డులు ఎక్కడున్నాయో అడగండి. పదేళ్ల తర్వాత నోటిఫికేషన్‌ పడ్డ వారంలో ఈ తిరుగుడు మొదలుపెడితే పని కాదు. ఇంజినీరింగ్‌ లాంటి కోర్సుల సీట్లకు స్థానికత లెక్క వేరు, దానితో దీన్ని కలపకండి.

హెచ్‌ఎంలకు ఒక మాట. బోనఫైడ్‌లో ఊరు, మండలంతో పాటు ఇప్పటి జిల్లా పేరు రాయండి. మక్తల్‌, నారాయణపేట పిల్లలకు ఇది మరీ అవసరం. నారాయణపేట జిల్లా ఏర్పడింది 2019 ఫిబ్రవరిలో. అంతకు ముందు తరగతుల రికార్డుల్లో మహబూబ్‌నగర్‌ అనే ఉంటుంది. వీడ్కోలు నాటికి ప్రతి పిల్లకూ బోనఫైడ్‌ సిద్ధం చేసి కవర్లో పెట్టి ఇస్తే, షీల్డు కంటే వెయ్యి రెట్లు పనికొస్తుంది.

ఇంకొన్ని గబగబా చెబుతాం. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ హాల్‌టికెట్‌ మీద, ఆధార్‌ మీద, అడ్మిషన్‌ రిజిస్టరులో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో చూడండి. మెమో అచ్చయ్యాక దిద్దించాలంటే బడి ద్వారా ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్‌ ఆఫీసు దాకా పోవాలి. పదిహేనేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, ఫొటో మళ్లీ ఇవ్వాలి. చాలామంది పిల్లలకు సరిగ్గా ఇప్పుడే ఆ వయసు. స్కాలర్‌షిప్‌ కోసం బిడ్డ పేరు మీద బ్యాంకు ఖాతా ఉండి, దానికి ఆధార్‌ జోడై ఉండాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో ఫలితాలు రాకముందే పెట్టుకోండి. ఫలితాలు వచ్చాక అక్కడ లైను చాంతాడంత ఉంటుంది.

ప్రశ్న: మా మండలంలో పది కాగానే ఆడపిల్లలకు సంబంధాలు చూస్తున్నారు. వీడ్కోలు సభలో పెద్దల ముందు ఈ మాట ఎత్తొచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, డిండి వైపు

ఎత్తండి. కానీ మైకులో బాల్యవివాహాల మీద ప్రసంగం పెడితే పెద్దలు మొహం పక్కకు తిప్పుకుంటారు. కాగితం మాట చెప్పండి: పది మెమో మీది పుట్టిన తేదీయే వయసుకు రుజువు, పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే కల్యాణలక్ష్మి రాదు, 2006 చట్టం ప్రకారం కేసు అవుతుంది. ఆ వెంటనే దారి చూపండి. ఇంటర్‌ ఉన్న కస్తూర్బా విద్యాలయం దగ్గర్లో ఎక్కడుందో, హాస్టల్‌ సంగతేమిటో, ఆడపిల్లలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో టికెట్‌ లేదన్న సంగతీ చెప్పండి. ‘కాలేజీ దూరం’ అనే సాకు సగం అక్కడే తేలిపోతుంది. మీకు అనుమానం ఉన్న ఇళ్ల పెద్దలతో సభ అయ్యాక విడిగా, కూర్చుని మాట్లాడండి. పిల్లలందరి చీటీల వెనక పిల్లల సహాయానికి ఫోన్‌ చేసే 1098 నంబరు రాయండి. అందరి చీటీల మీదా ఉంటే ఏ ఒక్కరినో వేలెత్తి చూపినట్టు ఉండదు.

ప్రశ్న: ఒక ఎనిమిది, తొమ్మిది మంది పాసవడం కష్టమని మాకు తెలుసు. వీడ్కోలు నాడు వాళ్లకు ఏం చెప్పాలి?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, సూర్యాపేట జిల్లా

వాళ్లను విడిగా నిలబెట్టి ధైర్యం చెప్పకండి. ‘మీరు ఫెయిలవుతారు’ అని ప్రకటించినట్టే అవుతుంది. అందరికీ కలిపి వివరాలు చెప్పండి. తప్పిన సబ్జెక్టులకు జూన్‌లో అడ్వాన్స్‌డ్‌ సప్లిమెంటరీ ఉంటుంది, పాసైనవి మళ్లీ రాయనక్కర్లేదు, అదే ఏడు ఇంటర్‌లో చేరొచ్చు. మార్కుల మీద అనుమానం ఉంటే సబ్జెక్టుకు రీకౌంటింగ్‌కు 500, రీవెరిఫికేషన్‌కు 1000 రూపాయలు. ఈ మాటలు ఫలితాల రోజు చెబితే ఏడుపులో వినబడవు, ముందే చెవిన పడి ఉండాలి.

ఫలితాల రోజు ఇద్దరు టీచర్లు సాయంత్రం దాకా బడిలో ఉంటారని వీడ్కోలు నాడే ప్రకటించి, వాళ్ల పేర్లు చెప్పండి. తప్పినవాళ్ల ఇళ్లకు బడి నుంచి ఫోన్‌ పోవాలి, పక్కింటివాళ్లు అడగడానికి ముందే. మనసు బాగా లేనివాళ్లు ఎవరైనా, ఏ వేళైనా మాట్లాడటానికి టెలిమానస్‌ నంబరు 14416 ఉంది. దాన్నీ చీటీ మీద 1098 కింద రాయండి.

ప్రశ్న: ఫేర్‌వెల్‌లో మాకు ‘టైటిల్స్‌’ ఇస్తారట. పోయినేడు ఒకక్కకు ‘కుంభకర్ణి’ అని ఇచ్చిన్రు. నాకూ అలాంటిదే ఇస్తారేమో.
– పదో తరగతి విద్యార్థిని, మునుగోడు

మీ క్లాస్‌ టీచర్‌కు ఈ ఉత్తరం చూపించమ్మా. టీచర్లకు మేం చెప్పేది: టైటిళ్ల జాబితా ముందురోజు మీ చేతికి రావాలి. ఒంటి రంగు, లావు, నిద్ర, కులం, ఇంటిపని, ప్రేమ, వీటి మీద ఉన్నది ఏదైనా కొట్టేయండి. అన్నీ కొట్టేయాల్సి వస్తే ఆ అంశమే తీసేసి, అంత్యాక్షరి పెట్టుకోండి.