ఎన్ఎఫ్ఎల్ ఆగిపోతే కాలేజీ ఫుట్‌బాల్‌కు అభిమానులు పెరుగుతారా?

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో మళ్లీ సమ్మె గానీ లాకౌట్ గానీ వస్తే ఆ అభిమానులంతా కాలేజీ ఫుట్‌బాల్ వైపు మళ్లుతారా అని మీరు అడిగారు. 2011 లాకౌట్ సమయంలో నేను టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతూ, అది ఉన్న కాలేజ్ స్టేషన్ పట్టణంలోనే ఉన్నాను. అప్పుడు చూసినదాన్ని బట్టి చెప్పాలంటే, టీవీలో చూసేవాళ్లు కొంత పెరగవచ్చు గానీ అభిమానులు పెరగరు.

మన జూట్ మిల్లుల లాకౌట్ల లాగానే అక్కడా గేటు మూసింది యజమానులే. ఏటా దాదాపు 900 కోట్ల డాలర్ల ఆదాయాన్ని ఆటగాళ్లతో పంచుకోవడంలో పేచీ వచ్చి, మార్చి 12న మొదలైన లాకౌట్ జూలై 25 దాకా సాగింది. మా క్యాంపస్‌లో ఆ గొడవ గురించి మాట్లాడుకున్నది ముఖ్యంగా వాన్ మిల్లర్ వల్ల. అంతకుముందు సీజన్ దాకా మా జట్టుకు ఆడిన ఆయన, స్టార్ ఆటగాళ్లు టామ్ బ్రేడీ, పేటన్ మానింగ్ వంటి వారితో కలిసి లీగ్‌పై వేసిన దావాలో వాది. ఎన్ఎఫ్ఎల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో డెన్వర్ జట్టు ఆయనను రెండో ఆటగాడిగా ఎంచుకుంది. మావాళ్ల ఆందోళనంతా లీగ్ ఏమవుతుందని కాదు, మన కుర్రవాడి మొదటి సీజన్ ఏమవుతుందని.

అభిమానం ఎందుకు మళ్లదంటే, ఈ రెండు ఆటలు ఒకే రోజు కోసం పోటీ పడవు. 1961 నాటి ఫెడరల్ చట్టం కారణంగా సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య దాకా శనివారాలు కాలేజీలకే మిగిలాయి, ఆదివారం ఎన్ఎఫ్ఎల్‌ది. రెండూ ఇష్టపడేవారి శనివారం ముందే నిండి ఉంటుంది. ఖాళీ అయ్యేది ఆదివారమే. 1982లో 57 రోజుల సమ్మె వల్ల సీజన్ 16 ఆటల నుంచి 9కి కుదించుకుపోయినప్పుడు, టీవీ సంస్థ సీబీఎస్ ఆ ఖాళీలో డివిజన్ త్రీ అనే కింది స్థాయి చిన్న కాలేజీల ఆటలు చూపించింది. ఆ ప్రయోగం నిలవలేదు. పేరైనా వినని కాలేజీ కోసం ఎవరు గుండె దడతో కూర్చుంటారు?

నా మొదటి హోమ్ గేమ్‌కు సీనియర్లు తీసుకెళ్లినప్పుడు, కూర్చోబోతుంటే చొక్కా పట్టి లేపారు. అక్కడ విద్యార్థులు ఆట మొత్తం నిలబడే ఉండాలి. 1922లో గాయపడ్డవారి స్థానంలో అవసరమైతే ఆడటానికి ఒక విద్యార్థి ప్రేక్షకుల్లోంచి దిగి వచ్చి సిద్ధంగా నిలబడ్డాడట, అందుకే. ముక్కూ మొహం తెలియని పక్కవాళ్లు నా భుజాల మీద చేతులు వేసి అటూ ఇటూ ఊగుతుంటే కాళ్ల కింద స్టాండు కదలడం స్పష్టంగా తెలిసింది. ఇలా అంటుకునే అభిమానం, వేరే ఆట లేదు కదా అని టీవీ పెట్టుకున్నవారికి అంటదు.

ఇక ఎన్ఎఫ్ఎల్ జట్టే లేని అలబామా, నెబ్రాస్కా వంటి రాష్ట్రాలలో ఎలాగూ మారేది తక్కువ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో స్థిరపడి డాలస్ ఎన్ఎఫ్ఎల్ జట్టు కౌబాయ్స్‌ను అనుసరించే మన తెలుగు కుటుంబాలు కూడా, నేను చూసినంతలో, కాలేజీ ఆట వైపు తిరిగేది పిల్లలు ఆ కాలేజీలో చేరిన ఏడాదే. ఆటగాళ్లతో ప్రస్తుత ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది కనుక మీ ప్రశ్నకు అసలు పరీక్ష ఆ తర్వాతే.

2011 నవంబరు 24, థాంక్స్‌గివింగ్ రోజున, కౌబాయ్స్‌కు వీరాభిమాని అయిన మా పక్కింటి ఆయన మధ్యాహ్నం వాళ్లు చివరి క్షణపు ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని సాధించే పాయింట్లు)తో 20-19తో గెలవడం చూసి, రాత్రి మాతోపాటు స్టేడియానికి వచ్చారు. మేము ఎస్ఈసీ అనే వేరే కాలేజీల కూటమికి మారిపోతున్నందున టెక్సస్ యూనివర్సిటీతో అదే చివరి పోటీ అనుకున్నాం. అక్కడా చివరి క్షణపు ఫీల్డ్ గోలే, కానీ అది వాళ్లది. 27-25తో ఓడాం. లాకౌట్ రోజులంతా ఆదివారాల కోసం బెంగపడిన ఆ మనిషి, కారు దాకా నడిచినంతసేపూ మధ్యాహ్నపు గెలుపు ఊసే ఎత్తలేదు.